క్యాంపింగ్ ట్రైలర్ లోపల ఏ లైట్లు పెట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

సామాన్ల ట్రైలర్‌నో, పాత క్యాంపింగ్ ట్రైలర్‌నో ఉండడానికి వీలుగా మార్చుకునేవాళ్లు లైట్ల దగ్గరికొచ్చేసరికి తిప్పితిప్పి అవే సందేహాలు అడుగుతుంటారు. వాటిని పని సాగే వరసలో ఇక్కడ పెట్టాం. దేని జవాబు దానికే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు. లెక్కలన్నీ 12 వోల్టుల డీసీ బ్యాటరీకి వేసినవి.

## ప్లాను వేసుకునేటప్పుడు

ఇంట్లోలాగా పైకప్పు మధ్యలో ఒక్క పెద్ద లైటు పెడితే చాలదా?

వెలుతురు చాలుతుంది గానీ, దాని కింద కూర్చోబుద్ధి కాదు. ట్రైలర్ పైకప్పు నిలబడ్డ మనిషి తలకి జానెడు ఎత్తులోనే ఉంటుంది. అంత దగ్గర్నుంచి 12 వాట్ల ఎల్‌ఈడీ కొడుతుంటే కళ్లు చికిలించుకోవాల్సిందే. వంట గట్టు ముందు నిలబడితే ఆ లైటు మీ వీపు మీద పడుతుంది, తరిగే పలక మీ నీడలో ఉంటుంది. ఒకరు నిద్రపోతుంటే రెండోవాళ్లు చీకట్లో తడుముకోవాలి. అవే 12 వాట్లని మూడేసి వాట్ల చొప్పున నాలుగు చోట్ల పెట్టి, రెండు స్విచ్‌ల మీద విడదీస్తే ఈ మూడు తిప్పలూ తప్పుతాయి. ట్రైలర్‌లో వెలుతురు చాలలేదని బాధపడేవాళ్లకంటే అది పడకూడని చోట పడుతోందని బాధపడేవాళ్లే ఎక్కువ.

మొత్తం ఎంత వెలుతురు కావాలి?

నేల వైశాల్యంతో మొదలుపెట్టండి. మామూలు వెలుతురుకి చదరపు మీటరుకి 100 నుంచి 150 ల్యూమెన్లు (వెలుతురు కొలత) వేసుకోవచ్చు. 4 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉన్న ట్రైలర్‌కి 800 నుంచి 1200 ల్యూమెన్లు. ఇప్పటి ఎల్‌ఈడీలు వాటుకి 80 నుంచి 100 ల్యూమెన్లు ఇస్తాయి కాబట్టి 8 నుంచి 15 వాట్లతో పనైపోతుంది. గోడలకీ పైకప్పుకీ ముదురు రంగు చెక్క వేస్తే అది వెలుతురుని మింగేస్తుంది, సగం ఎక్కువ వేసుకోండి. తెల్ల పైకప్పయితే తక్కువ వైపే ఉండండి.

పని జరిగే చోట్లకి విడిగా లెక్క కట్టాలి. వంట గట్టు మీద మీటరుకి 400 నుంచి 500 ల్యూమెన్లు, చదువుకునే లైటుకి 150 నుంచి 200, రాత్రి దారి కనిపించడానికి 10 నుంచి 20 సరిపోతాయి. రాత్రి లైటు 20 దాటితే నిద్ర చెడుతుందే తప్ప ఉపయోగం పెరగదు.

వార్మ్ వైట్ తీసుకోవాలా, కూల్ వైట్ తీసుకోవాలా?

కూర్చునే చోటికీ పడకకీ 2700 నుంచి 3000 కెల్విన్ (ఛాయ కొలత: అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలి తెలుపు). వంట గట్టుకి కావాలంటే 4000 వరకు వెళ్లవచ్చు. 6000 కెల్విన్ తెలుపు అంత చిన్న గదిలో ఆసుపత్రిలా ఉంటుంది. అదే వాటేజీకి ల్యూమెన్లు కాస్త ఎక్కువ కనిపిస్తాయని చాలామంది దాన్ని కొని, వారం తిరక్కుండా మార్చేస్తుంటారు.

కెల్విన్‌తో పాటు సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) కూడా చూడండి, 90 పైన ఉండాలి. 80 దగ్గర ఉన్నవాటిలో ఎరుపు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది, కూర ఉడికిందో లేదో రంగుని బట్టి చెప్పలేం. ఇంకో సంగతి: పెట్టె మీద 3000 అనే ఉన్నా ఒక తయారీకీ ఇంకో తయారీకీ ఛాయ మారుతుంది. పక్కపక్కన వచ్చే లైట్లన్నీ ఒకేసారి, ఒకే బ్యాచ్‌వి కొనండి. ఒకటి అదనంగా తీసి పెట్టుకోండి.

లైట్లకి రోజూ బ్యాటరీ ఎంత ఖర్చవుతుంది?

ఒక మామూలు సాయంత్రం లెక్క ఇది:

- పైకప్పు లైట్లు 4 × 3 వాట్లు, 3 గంటలు: 36 వాట్-అవర్లు
- వంట గట్టు స్ట్రిప్ (ఎల్‌ఈడీల పట్టీ) 5 వాట్లు, గంటన్నర: 7.5
- చదివే లైట్లు 2 × 2 వాట్లు, గంటన్నర: 6
- స్నానాల గది 3 వాట్లు, అరగంట: 1.5
- రాత్రి లైటు అర వాటు, 8 గంటలు: 4

మొత్తం 55 వాట్-అవర్లు. 12తో భాగిస్తే దాదాపు 4.6 ఆంపియర్-అవర్లు. 100 ఆంపియర్-అవర్ల లెడ్-యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అంటే 50. ఒక్క లైట్లకే అయితే పది రోజులు వస్తుంది. బ్యాటరీని ఖాళీ చేసేది ఫ్రిజ్జూ ఫ్యానూ గానీ ఎల్‌ఈడీలు కావు. లైట్ల కోసం పెద్ద బ్యాటరీ కొనక్కర్లేదు.

పాత ట్రైలర్‌లో ఉన్న ఫిలమెంట్ బల్బులు వెలుగుతున్నాయి కదా, వాటినే ఉంచేస్తే?

ఒక్కో పాత బల్బు 1.5 నుంచి 2 ఆంపియర్లు లాగుతుంది. మూడు బల్బులు 4 గంటలు వెలిగితే తక్కువలో తక్కువ 18 ఆంపియర్-అవర్లు పోయినట్టే. మూడో రాత్రి పూర్తయ్యేలోగా 100 ఆంపియర్-అవర్ల లెడ్-యాసిడ్ బ్యాటరీ సగం దాటిపోతుంది. ఆ మూతలు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, ప్లాస్టిక్ పసుపెక్కి పెళుసవుతుంది.

ఫిట్టింగ్ బాగుంటే బల్బు ఒక్కటే మార్చండి. కొనేముందు పాతదాన్ని తీసి అడుగు చూడండి: 15 మిల్లీమీటర్ల గుండ్రటి అడుగు, ఎదురెదురుగా రెండు పుల్లలు, కింద ఒకే కాంటాక్టు ఉంటే బీఏ15ఎస్, 4 మిల్లీమీటర్ల ఎడంలో రెండు సూదులుంటే జీ4, గాజే చదునుగా అడుగయితే టీ10. కొత్త ఎల్‌ఈడీ పెట్టినా వెలగకపోతే పాడైందనుకోకండి. టీ10 అయితే తీసి అటూఇటూ తిప్పి పెట్టండి, ప్లస్ మైనస్ తారుమారై ఉంటుంది. బీఏ15ఎస్‌ని తిప్పి పెట్టలేం, ఫిట్టింగ్ వైర్లు మార్చి కలపాలి.

ఇన్వర్టర్ ఎలాగూ ఉంది, ఇంటి లైట్లే పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, కానీ దండగ. ఏ లోడూ లేకుండా ఆన్‌లో ఉండటానికే ఒక మోస్తరు ఇన్వర్టర్ 10 వాట్లు తినగలదు. సాయంత్రం 5 గంటలు ఉంచితే 50 వాట్-అవర్లు. ట్రైలర్‌లోని ఎల్‌ఈడీలన్నీ కలిపి వాడేది దాదాపు అంతే. పైగా ఇన్వర్టర్ ట్రిప్పయిన రాత్రి కారణం వెతకడానికి కూడా వెలుతురుండదు.

## కొనేటప్పుడు

పెట్టె మీద 12 వోల్టులు అని రాసుంది. ఇంకేం చూడాలి?

12 వోల్టుల బ్యాటరీ 12 వోల్టుల దగ్గర ఉండేది తక్కువ. నిండుగా ఛార్జయి ఊరికే ఉన్న లెడ్-యాసిడ్ బ్యాటరీ 12.7 చూపిస్తుంది. సోలార్ గానీ ఛార్జర్ గానీ నడుస్తుంటే 14.4 దాకా, కొన్నిటికి 14.8 దాకా పోతుంది. లైట్ల ఆయుష్షు తేలేది అక్కడే.

మామూలు స్ట్రిప్‌ని దగ్గరగా చూడండి: మూడేసి ఎల్‌ఈడీలు, వాటి పక్కన ఒక బుల్లి నల్ల రెసిస్టర్, తర్వాత కత్తిరించే గీత. తెల్ల ఎల్‌ఈడీ ఒక్కోటి 3 వోల్టుల దాకా తీసుకుంటుంది. మూడింటికి 9 పోగా, మిగిలిన 3 వోల్టులు రెసిస్టర్ మీద పడతాయి. సరఫరా 14.4 అయినప్పుడు ఎల్‌ఈడీలు తీసుకునేది పెద్దగా పెరగదు, పెరిగినదంతా రెసిస్టర్ మీదికే వస్తుంది. 3 వోల్టుల చోట 5 వోల్టులు పడితే కరెంటు కూడా ఆ నిష్పత్తిలోనే పెరుగుతుంది. అంటే వోల్టేజీ 20 శాతం పెరిగితే కరెంటు 60 శాతానికి పైగా పెరుగుతుంది. ఆ వేడికి ముందు వెలుతురు నీలిగా మారుతుంది, తర్వాత మూడేసి ఎల్‌ఈడీల గుంపు ఒకటి మినుకుమని ఆరిపోతుంది. ‘నాసిరకం స్ట్రిప్’ అని తిట్టుకునేవాటిలో చాలావాటి తప్పు స్ట్రిప్‌ది కాదు.

డౌన్‌లైట్లు (పైకప్పులో పొదిగేవి), చదివే లైట్లు కొనేటప్పుడు పెట్టె మీద ‘10–30 వోల్టులు’ లాంటి విస్తృత పరిధి ఉందేమో చూడండి. అలాంటివాటి లోపల కరెంటుని నిలకడగా ఉంచే డ్రైవర్ ఉంటుంది. స్ట్రిప్‌లకి మాత్రం ముందు ఒక 12 వోల్టుల బక్-బూస్ట్ కన్వర్టర్ (వోల్టేజీ ఎక్కువైతే తగ్గించి, తక్కువైతే పెంచి 12 దగ్గర నిలిపేది) పెట్టండి. ఉత్త బక్ కన్వర్టర్ వద్దు. అది తగ్గించగలదే తప్ప పెంచలేదు, బ్యాటరీ 12.2కి దిగాక తను కూడా దిగిపోతుంది. స్ట్రిప్‌లన్నీ కలిపి 2 ఆంపియర్లు లాగితే 3 ఆంపియర్ల కన్వర్టర్ తీసుకోండి. దాని ముందు స్విచ్ ఉండాలి, లేకపోతే లైట్లు ఆపినా అది కొద్దికొద్దిగా బ్యాటరీ తాగుతూనే ఉంటుంది.

స్ట్రిప్‌లలో ఇన్ని రకాలేంటి? ఏది తీసుకోవాలి?

మీటరుకి 60 చిప్‌ల 2835 రకం (ఈ అంకె చిప్ సైజు) సుమారు 4.8 వాట్లు, 120 చిప్‌లయితే 9.6 వాట్లు, 60 చిప్‌ల 5050 రకం 14.4 వాట్లు. ట్రైలర్‌లో 14.4 వాట్ల స్ట్రిప్‌తో పని లేదు, అది వేడెక్కి జిగురు కరిగించుకుంటుంది. గట్టు పైన 4.8 వాట్లది సరిపోతుంది.

చుక్కలు చుక్కలుగా కనిపించడమే అసలు ఫిర్యాదు. చిప్‌ల మధ్య ఎంత దూరం ఉందో, పాల రంగు మూత స్ట్రిప్‌కి కనీసం అంత ఎత్తులో ఉంటేనే చుక్కలు కలిసిపోతాయి. మీటరుకి 60 చిప్‌లంటే ఎడం దాదాపు 17 మిల్లీమీటర్లు. అల్యూమినియం ఛానెల్ లోతు 7, 8 మిల్లీమీటర్లే అయితే ఎంత మంచి మూత వేసినా చుక్కలు పోవు. పలచటి ఛానెల్ తప్పనిసరైతే సీఓబీ (చిప్‌లు ఒత్తుగా పొదిగిన) స్ట్రిప్ తీసుకోండి, అది ఒకే గీతలా వెలుగుతుంది.

డిమ్మర్ అవసరమా?

పైకప్పు లైట్లకి తప్పనిసరి అనే చెప్తాం. వంటప్పుడు నూరు శాతం కావలసిన వెలుతురు భోంచేశాక 20 శాతం చాలు. ఇంటి గోడకి పెట్టే ఏసీ డిమ్మర్ డీసీ మీద పనిచేయదు, పీడబ్ల్యూఎం రకం కావాలి. అది లైటుని వేగంగా ఆపి వెలిగిస్తూ తగ్గిస్తుంది. ఆ వేగం 200 హెర్ట్‌జ్ దగ్గర ఉంటే ఫోన్ వీడియోలో చారలొస్తాయి, కొందరికి తలనొప్పి కూడా. వెయ్యి హెర్ట్‌జ్ దాటినది చూసుకోండి.

ఇలాంటి డిమ్మర్లలో చాలావరకు మైనస్ వైపు ఆపి వెలిగిస్తాయి. ఫిట్టింగ్ మైనస్ ఎక్కడైనా ట్రైలర్ బాడీకి తగులుతుంటే కరెంటు అటు నుంచి పోతుంది, డిమ్మర్ ఎంత తిప్పినా లైటు తగ్గదు. డ్రైవర్ ఉన్న లైట్లకి డిమ్మింగ్ పనిచేస్తుందని పెట్టె మీద రాసి ఉంటేనే కొనండి.

ఫోన్‌తో నడిచే వైఫై కంట్రోలర్ పెట్టొచ్చా?

లైట్లు ఆపేసినా అది ఫోన్ పిలుపు కోసం మేలుకునే ఉంటుంది. 50 నుంచి 100 మిల్లీఆంపియర్లంటే చిన్నదనిపిస్తుంది గానీ 24 గంటలకి 1.2 నుంచి 2.4 ఆంపియర్-అవర్లు. పొదుపుగా లైట్లు వేసుకునే ట్రైలర్‌లో అది లైట్ల ఖర్చులో సగానికి దగ్గర పడుతుంది. మామూలు స్విచ్ ఏమీ తినదు.

స్విచ్‌లు ఇంటివి వాడొచ్చా?

డీసీ రేటింగ్ రాసి ఉన్నవి వాడండి. ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్విచ్ తెరిచినప్పుడు పుట్టే నిప్పురవ్వ తనంతట తనే ఆరిపోతుంది. డీసీకి ఆ సదుపాయం లేదు, కాంటాక్టులు మెల్లగా కాలతాయి. తలుపు దగ్గరా పడక దగ్గరా రెండు చోట్ల నుంచి ఒకే లైటు నడవాలంటే టూ-వే స్విచ్‌లు డీసీలోనూ అలాగే పనిచేస్తాయి. గ్యాస్ సిలిండర్ పెట్టే అరలో మాత్రం ఏ స్విచ్చూ పెట్టకండి.

## వైరింగ్ చేసేటప్పుడు

ఎంత మందం వైరు వేయాలి?

లైట్లకి 1.5 చదరపు మిల్లీమీటర్ల మల్టీస్ట్రాండ్ రాగి వైరు వేస్తే దాదాపు అన్ని ట్రైలర్లకీ సరిపోతుంది. ఎందుకో లెక్క చూడండి. బ్యాటరీ నుంచి చివరి లైటుకి 6 మీటర్లయితే పోనూ రానూ 12 మీటర్లు. 0.75 వైరులో ఆ దూరానికి నిరోధం 0.28 ఓమ్‌లు. 3 ఆంపియర్లు పారితే 0.84 వోల్టులు దారిలోనే పోతాయి. 1.5 వైరులో పోయేది 0.42. పోనూ రానూ రెండింటినీ లెక్కేయడం మర్చిపోవడమే ఇక్కడ జరిగే తప్పు.

ఒంటి తీగ ఉండే గట్టి వైరు వద్దు. రోడ్డు కుదుపులకి అది వంపు దగ్గర అలసి తెగుతుంది.

ఫ్యూజు ఎంతది, ఎక్కడ?

ఫ్యూజు కాపాడేది లైటుని కాదు, వైరుని. బ్యాటరీ ప్లస్ నుంచి 20 సెంటీమీటర్ల లోపే మెయిన్ ఫ్యూజు ఉండాలి. దానికి ముందున్న ముక్క ఎక్కడైనా బాడీకి రాసుకుంటే ఆపేది ఏదీ ఉండదు. 1.5 వైరుకి 10 ఆంపియర్లు (ఎర్ర బ్లేడు), 0.75 వైరుకి 5 ఆంపియర్లు (లేత గోధుమ రంగు). లైట్లని రెండు ఫ్యూజుల మీద పంచండి. ఒకటి పోయినా రెండో వైపు వెలుగుంటుంది.

మైనస్‌ని ట్రైలర్ బాడీకి కలిపేస్తే సగం వైరు మిగులుతుంది కదా?

మిగులుతుంది. రెండేళ్లయ్యాక ఆ బోల్టు తుప్పు పట్టినప్పుడు మిగిల్చిందంతా వెతుకులాటలో పోతుంది. అల్యూమినియం, రాగి తడిలో కలిస్తే ఇంకా త్వరగా తింటాయి. ప్రతి లైటుకీ రెండు వైర్లు వేయండి.

థర్మాకోల్ ఇన్సులేషన్ మీదుగా వైరు లాగితే ఏమవుతుంది?

వెంటనే ఏమీ కాదు. పీవీసీ వైరుని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ మెల్లగా థర్మాకోల్‌లోకి వలసపోతుంది. కొన్నేళ్లకి థర్మాకోల్ వైరు తగిలిన చోట గాడిలా కరిగి జిగటగా అవుతుంది, వైరు తొడుగు పెళుసై పగులుతుంది. ప్యానెల్ మూసేశాక అది కనపడదు. సన్నటి కాండ్యూట్ పైపులోంచి లాగితే చాలు. లోహపు ఫ్రేము రంధ్రాల్లోంచి పోయే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ పెట్టండి.

సోల్డరింగ్ చేయాలా, క్రింపింగా?

వైరుకి వైరు కలిపేచోట సరైన ప్లయర్‌తో క్రింపు (లోహపు గొట్టంలో వైర్లు పెట్టి నొక్కడం). టంకం వేస్తే సీసం తీగల్లోకి ఎక్కి గట్టిపడుతుంది, ఆ గట్టి భాగం ఆగినచోటే కుదుపులకి విరుగుతుంది. స్ట్రిప్ చివర్లకి మాత్రం టంకమే మంచిది. నొక్కి బిగించే ప్లాస్టిక్ క్లిప్పులు బల్ల మీద బాగా పనిచేస్తాయి, రోడ్డెక్కాక వదులవుతాయి. టంకం వేశాక హీట్ ష్రింక్ (వేడికి బిగిసే గొట్టం) తొడిగి, 3 సెంటీమీటర్ల అవతల వైరుని చెక్కకి క్లిప్పుతో పట్టించండి, అతుకు మీద లాగుడు ఉండదు.

## బిగించేటప్పుడు

గట్టు పైన స్ట్రిప్ పెట్టినా నీడ పడుతోంది. ఎందుకు?

స్ట్రిప్ అల్మారా అడుగున గోడవైపు అంటించి ఉంటారు. అక్కణ్నుంచి గోడకి వెలుగొస్తుంది, గట్టు ముందుభాగం చీకటిగానే ఉంటుంది. అల్మారా ముందు అంచుకి, తలుపు వెనకే అంటించి, ఛానెల్‌ని కొద్దిగా గోడవైపు వంచండి. కూర్చున్నవాళ్ల కళ్లలో పడకుండా 2 సెంటీమీటర్ల చెక్క పట్టీ అడ్డం పెడితే ఇంకా బాగుంటుంది.

చదివే లైటు ఎంత ఎత్తులో పెట్టాలి?

టేపు పక్కన పెట్టి, పరుపు వేసి, దిండుకి ఆనుకుని పుస్తకం పట్టుకుని కూర్చోండి. చెవికి కాస్త పైన, భుజానికి బయటివైపు లైటు రావాలి. పరుపు లేకుండా కొలిచి బిగిస్తే 10, 15 సెంటీమీటర్లు తేడా వచ్చి వెలుగు నడినెత్తిన పడుతుంది. వెలుగు పుంజం సన్నగా ఉన్నదీ, తల తిరిగేదీ తీసుకోండి.

డౌన్‌లైట్‌కి రంధ్రం కొట్టేముందు ఏం చూసుకోవాలి?

లోపలి ప్యానెల్ నుంచి బయటి రేకు దాకా ఎంత లోతుందో. ముందు సన్న డ్రిల్‌తో ఒక చిన్న రంధ్రం చేసి, వంచిన తీగ ముక్కని లోపల తిప్పి ఫ్రేము తగులుతుందేమో చూడండి. డ్రిల్ బిట్‌కి కావలసిన లోతు దగ్గర టేపు చుట్టండి, లేకపోతే పైకప్పు రేకుకి చిల్లు పడి ఆ లైటు లోంచే వాన వస్తుంది. లైటు వెనక 2, 3 సెంటీమీటర్ల మేర ఇన్సులేషన్ తీసేయండి. ఎల్‌ఈడీ వేడి వెనక నుంచే పోవాలి.

స్ట్రిప్ జిగురు ఊడిపోతోంది. ఏం చేయాలి?

నేరుగా ప్లైవుడ్ మీద అంటిస్తే ఊడుతుంది. అల్యూమినియం ఛానెల్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక అంటించి, ఛానెల్‌ని స్క్రూలతో బిగించండి. స్నానాల గదిలో నీళ్లు చొరబడని ఐపీ65 లేదా ఐపీ67 స్ట్రిప్ వాడండి. దాన్ని కత్తిరించిన చోట సిలికాన్‌తో మూయాలి. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ మాత్రం వద్దు, ఆరేటప్పుడు వచ్చే ఆమ్లం రాగిని తింటుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది అడగండి.

## బిగించాక వచ్చే తంటాలు

స్విచ్ ఆపేసినా లైటు సన్నగా వెలుగుతోంది.

స్విచ్‌లో ఇండికేటర్ బల్బు ఉందేమో చూడండి. దాని గుండా పారే కొద్దిపాటి కరెంటు చాలు ఎల్‌ఈడీ మిణుకుమనడానికి. ఇండికేటర్ లేని స్విచ్ వేయండి, లేదా లైటుకి సమాంతరంగా 1 కిలోఓమ్, అర వాటు రెసిస్టర్ కలపండి.

నీళ్ల పంపు వేయగానే లైట్లు తగ్గుతున్నాయి.

పంపూ లైట్లూ ఒకే సన్నటి వైరు పంచుకుంటున్నాయి. పంపుకి బ్యాటరీ దగ్గర్నుంచి విడిగా వైరు లాగండి. విడిగా ఉన్నా తగ్గుతుంటే మైనస్ కలిసే చోట నట్లు వదులై ఉంటాయి. పంపు నడుస్తుండగా ఆ జాయింటుకి అటూ ఇటూ మల్టీమీటర్ పెట్టండి, 0.1 వోల్టు దాటితే దొంగ అక్కడే ఉన్నాడు.

బయటి కరెంటుకి కలిపితేనే లైట్లు వణుకుతున్నాయి, బ్యాటరీ మీద బాగుంటున్నాయి.

బయటి కరెంటుని 12 వోల్టుల డీసీగా మార్చే పాత కన్వర్టర్ ఇచ్చే డీసీ చదునుగా ఉండదు, అలలుగా వస్తుంది. ఫిలమెంట్ బల్బులకి అది తెలిసేది కాదు, ఎల్‌ఈడీకి తెలుస్తుంది. బ్యాటరీ కనెక్షన్ తీసేసి ఉంటే ముందు తగిలించండి, ఆ అలల్ని అది చాలావరకు పీల్చుకుంటుంది. అప్పటికీ వణికితే కన్వర్టర్ మార్చాలి.

లైటు వేస్తే ఎఫ్ఎం రేడియోలో గరగర వస్తోంది.

డ్రైవర్ గానీ బక్-బూస్ట్ కన్వర్టర్ గానీ చేసే అల్లరి అది. లైట్లు ఒక్కొక్కటిగా ఆపుతూ ఏదో తేల్చండి. దాని వైర్లు రెండింటినీ ఒకదానికొకటి మెలేసి, కన్వర్టర్ పక్కనే క్లిప్పు రకం ఫెర్రైట్ కోర్ తగిలించండి. యాంటెన్నా వైరు పక్కనుంచి పోతుంటే కనీసం అర మీటరు దూరం జరపండి.

స్ట్రిప్ ఒక చివర బాగుంది, రెండో చివర మసగ్గా ఉంది.

కరెంటు ఒక్క చివరనుంచే ఇస్తున్నారు. స్ట్రిప్ లోపలి రాగి పొర చాలా పలచన, 5 మీటర్లు పోయేసరికి వోల్టేజీ పడిపోతుంది. అదే సరఫరా నుంచి రెండో చివరకి కూడా వైరు లాగండి. ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ సరిచూసుకున్నాకే స్విచ్ వేయండి.